స్నోఫ్లేక్ మోరే ఈల్: కర్నూలులో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మా షాపులో కౌంటర్ పక్కన ఒక ఉప్పునీటి ట్యాంకు ఉంది, అందులో ఒక స్నోఫ్లేక్ మోరే ఈల్ ఉంది, అది అమ్మకానికి కాదు. ఈ మాట ముందే చెప్తే సగం ఫోన్లు తగ్గుతాయి. గోల్డ్‌ఫిష్ మేత కోసం వచ్చినవాళ్ళు కూడా దాని ముందు ఆగిపోతారు, ఆగినాక అడుగుతారు, అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నల్ని జనం అడిగిన తీరులోనే ఉంచాను.

అన్నా, ఇది పామా చేపా?

చేప. నూటికి నూరుపాళ్ళు చేప. మొప్పలున్నాయి, ఊపిరి వాటితోనే. కాకపోతే మామూలు చేపకు ఉన్నట్టు మొప్పల మీద పెద్ద మూతలు కనిపించవు. తల వెనక రెండు పక్కలా చిన్న గుండ్రటి రంధ్రాలు మాత్రం ఉంటాయి, అందుకే చాలామంది దీనికి మొప్పలే లేవనుకుంటారు. రొమ్ము దగ్గర రెక్కలు లేవు, పొట్ట దగ్గర రెక్కలు లేవు. వీపు మీది రెక్క మాత్రం తల వెనక మొదలై, తోక చివర తిరిగి, కడుపు కిందిదాకా ఒకటే పట్టీగా సాగుతుంది. పొలుసులు లేవు, ఒళ్ళంతా జిగురు. రాళ్ళ సందుల్లో ముందుకూ వెనక్కూ దూరేటప్పుడు చర్మం గీసుకుపోకుండా కాపాడేది ఆ జిగురే.

సముద్రపు పాము సంగతి వేరే. దానికి పొలుసులుంటాయి, ఊపిరితిత్తులుంటాయి, గాలి కోసం నీళ్ళపైకి రావాల్సిందే, తోక చదునుగా ఉంటుంది, విషం కూడా గట్టిదే. మోరేకు ఇవేవీ లేవు. పాముకూ దీనికీ పోలిక ఆకారంలోనే, చుట్టరికం లేదు.

నోరు తెరిచి మూసి, తెరిచి మూసి చేస్తా ఉందే, మీదికి వస్తాదా?

రాదు. ఊపిరి తీసుకుంటోంది, అంతే. మొప్పల రంధ్రాలు చిన్నవి కాబట్టి నోట్లోంచి నీళ్ళను లోపలికి లాగి మొప్పల మీదుగా తోయాలి, దానికి నోరు ఆడిస్తూనే ఉండాలి. అది బెదిరింపు అనుకుని పిల్లలు కేకలేస్తారు, పెద్దవాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తారు, అది మాత్రం తన మానాన తాను గమ్మున ఊపిరి పీలుస్తూ ఉంటుంది. మోరేలన్నిటికీ ఇంత చెడ్డపేరు రావడానికి సగం కారణం ఈ నోరే అని నా అభిప్రాయం.

ఎన్నో రకాల మోరేలున్నాయి కదా, ఇది స్నోఫ్లేకే అని ఎట్లా గుర్తుపట్టేది?

మోరేల కుటుంబంలో దాదాపు 200 జాతులున్నాయి. అందులో దీన్ని గుర్తుపట్టడం చాలా సులభం. ఒళ్ళు తెలుపు లేదా లేత మీగడ రంగు. దాని మీద రెండు వరుసల్లో నల్లటి పెద్ద మచ్చలు, అంచులు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటాయి, ఒక్కో మచ్చలో పసుపు చుక్కలు. ఆ పెద్ద మచ్చల మధ్యన సన్నటి నల్ల చుక్కలు చల్లినట్టు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఆ చుక్కలు కలిసిపోయి గీతల్లా అవుతాయి, తెలుపు కూడా కాస్త మాసినట్టవుతుంది. అందుకే పిల్ల ఈల్ ఫోటో చూసి వచ్చినవాళ్ళు పెద్దదాన్ని చూసి ఇది వేరే జాతి అని వాదిస్తారు. కాదు, అదే ఇది.

అసలు గుర్తు ముఖంలో ఉంది. మూతి తెల్లగా, పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. కళ్ళు పసుపు. మూతి చివర రెండు చిన్న పసుపు గొట్టాలు పొడుచుకుని వచ్చి ఉంటాయి, అవి ముక్కు రంధ్రాలు. మరో రెండు రంధ్రాలు కళ్ళ దగ్గర ఉంటాయి. ఈ ముక్కు గురించి కింద ఇంకా చెప్తాను, ఎందుకంటే ఈ చేప బతుకంతా దాని మీదే నడుస్తుంది.

శాస్త్రీయ నామం ఎకిడ్నా నెబ్యులోసా. 1789లో ఆల్ అనే ఆయన దీన్ని వర్ణించాడు.

ఎంత పొడవు అవుతాది?

ఎక్కువలో ఎక్కువ ఒక మీటరు. మామూలుగా రెండు, రెండున్నర అడుగుల దగ్గర ఆగుతుంది. యూట్యూబ్‌లో మనిషంత పొడవు కనిపించేది జెయింట్ మోరే, అది 3 మీటర్ల దాకా పెరుగుతుంది, 30 కిలోల బరువు తూగుతుంది. రెండిటినీ కలిపి భయపడొద్దు.

షాక్ కొడుతుందా?

కొట్టదు. షాక్ కొట్టే ఎలక్ట్రిక్ ఈల్ దక్షిణ అమెరికా నదుల్లో ఉండే మంచినీటి చేప, దానికి ఈల్ అనే పేరుందే తప్ప అది నిజమైన ఈల్స్ కుటుంబం కూడా కాదు.

విషం ఉందా? కరిస్తే ఏమవుతుంది?

కోరల్లో విషం లేదు. కరవడం మాత్రం ఏ మోరే అయినా కరవగలదు. స్నోఫ్లేక్‌కు పళ్ళు చాలావరకు మొద్దుగా ఉంటాయి కాబట్టి జెయింట్ మోరే లాగా కండ చీల్చదు, కానీ నొప్పి పుడుతుంది, గాయం అవుతుంది, సముద్రపు చేప నోట్లోని బ్యాక్టీరియా గాయంలోకి పోతే చీము పడుతుంది. సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కు చూపించుకోవాలి, టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి. పసుపు అద్ది ఊరుకుంటే చాలదు.

దీన్ని పెంచేవాళ్ళను కరిచిన సందర్భాలు ఎక్కువగా మేత పెట్టేటప్పుడే జరుగుతాయి. చూపు మందం. రొయ్య వాసన వచ్చిందంటే ఆ వాసన ఉన్నచోట ఏది కదిలినా పట్టుకుంటుంది, అది రొయ్యా మీ వేలా అనే తేడా దానికి తెలీదు. థాయిలాండ్‌లో ఒక డైవర్ పెద్ద మోరేకు సాసేజ్‌లు తినిపించబోయి బొటనవేలు పోగొట్టుకున్నాడు, తర్వాత కాలి వేలు తీసి చేతికి అతికించారు. అది కోపంతో చేసిన పని కాదు.

ఏం తింటుంది? చిన్న చేపలు వేయొచ్చా?

దీనికి ఇష్టమైనది పీత. పీతలు, రొయ్యలు, మాంటిస్ రొయ్యలు, ఎప్పుడైనా చిన్న చేపలు, చిన్న ఆక్టోపస్‌లు. చేపల్ని వేటాడే మోరేలకు సూదుల్లాంటి పొడుగు కోరలుంటాయి. దీని నోట్లో పైన మధ్యలో గుండ్రటి దవడపళ్ళలాంటివి ఉంటాయి, పీత పెంకును నలిపేది వాటితోనే. దవడ గట్టిది, మూతి పొట్టిది, అంతా పెంకు పగలగొట్టడానికే అమరింది.

పీత పెద్దదైతే కాలో, గిట్టో ఒక్కటి పట్టుకుని ఒళ్ళు గిర్రున తిప్పి ఊడదీస్తుంది. మోరేల్లో ఇంకో విద్య కూడా ఉంది. తోక దగ్గర తన ఒంటినే ముడి వేసుకుని, ఆ ముడిని తల వైపుకు జార్చి, దాన్ని ఎరకు ఆనించి బలంగా నెట్టి నోట్లోని ముక్కను తెంపుకుంటుంది. చేతులు లేనందుకు ఒళ్ళే చెయ్యి. మొదటిసారి చూసినవాళ్ళు ట్యాంకులో ఈల్‌కు ఏదో అయింది, మెలితిరిగి చస్తోంది అని ఫోన్ చేస్తారు. చావడం లేదు, భోంచేస్తోంది.

మంచినీటి చిన్న చేపలు, అంటే గోల్డ్‌ఫిష్ లాంటివి, అలవాటుగా వేయొద్దు. కొన్నిట్లో బి1 విటమిన్‌ను పాడుచేసే పదార్థం ఉంటుంది, రోజూ అదే తింటే ఈల్ నీరసించిపోతుంది. పచ్చి రొయ్య, స్క్విడ్, పీత ముక్కలు మారుస్తూ వారానికి రెండుమూడుసార్లు పెడితే చాలు. రోజూ పెట్టక్కర్లేదు.

గొంతులో ఇంకో నోరు ఉంటుందంట, నిజమేనా లేక వాట్సాప్ కతనా?

నిజమే, ఈ ఒక్క విషయంలో వాట్సాప్ వాళ్ళు తక్కువే చెప్పారు.

మామూలు చేప తినే పద్ధతి ఇది: నోరు ఒక్కసారిగా పెద్దగా తెరుస్తుంది, నోట్లో ఖాళీ పెరిగి నీళ్ళు లోపలికి దూసుకొస్తాయి, ఆ నీళ్ళతోపాటు ఎర కూడా వచ్చేస్తుంది. మీ ఇంట్లో గోల్డ్‌ఫిష్ మేత తినేటప్పుడు చూడండి, గింజ దగ్గరికి అది పోయేది కొంచెమే, గింజే నోట్లోకి వచ్చి పడుతుంది. మోరే ఇది చేయలేదు. ఇరుకు సందులో తలను అంతగా ఉబ్బించే చోటు దానికి లేదు, తల నిర్మాణం కూడా దానికి తగ్గట్టు సన్నగా ఉంది. మరి కరిచి పట్టుకున్నదాన్ని గొంతులోకి దించేదెట్లా?

దానికి రెండో దవడ ఉంది. ముందు దవడ ఎరను పట్టుకోగానే, పుర్రె వెనక గొంతులో ఉన్న రెండో జత దవడలు ముందుకు జారి నోట్లోకి వస్తాయి. వాటికి వెనక్కి వంగిన పళ్ళుంటాయి. బావిలో పడ్డ బిందెను పాతాళగరిగె వేసి లాగినట్టు, ఆ కొక్కేల పళ్ళతో ఎరను తగిలించి గొంతులోకి లాగేస్తాయి. ఆ తర్వాత ముందు దవడ కొంచెం ముందుకు జరిగి మళ్ళీ పట్టు, మళ్ళీ లాగుడు.

గొంతులో దవడ ఉండటం వింతేమీ కాదు, చాలా చేపలకు అది నమలడానికి ఉంటుంది. ముందుకు వచ్చి పట్టుకుని లాగడం మోరేలో బయటపడ్డ విద్య. 2007లో రీటా మెహతా, పీటర్ వైన్‌రైట్ అనే శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో హైస్పీడ్ కెమెరాలు, ఎక్స్‌రేలతో దీన్ని చూపించి నేచర్ పత్రికలో ప్రచురించారు. వాళ్ళు చూసింది స్నోఫ్లేక్‌ను కాదు, మురీనా రెటిఫెరా అనే ఇంకో మోరేను.

మా ట్యాంకులో అద్దం బయటనుంచి ఆ రెండో దవడ కనిపిస్తుందా అని అడుగుతారు. కనిపించదు. మీకు కనిపించేది ఒకటే, రొయ్య ముక్క సగం బయట ఉండగానే ఒక్క గుటకలో మాయమవుతుంది.

నీళ్ళ బయటికి వచ్చి తింటుందన్నారు ఎవరో?

అవును, ఇది స్నోఫ్లేక్ గురించే. పై ప్రశ్న చదివారు కదా, దాని కొనసాగింపే ఇది. ఎరను మింగడానికి నీళ్ళు అవసరమైన చేప ఒడ్డున దొరికినదాన్ని నోట కరుచుకున్నా, మింగడానికి మళ్ళీ నీళ్ళలోకి పోవాలి. మోరేకు ఆ అవసరం లేదు, గొంతు దవడ ఉంది. మరి ఒడ్డు మీదే మింగగలదా? రీటా మెహతా, కైల్ డోనహో కొన్ని స్నోఫ్లేక్ ఈల్స్‌కు ట్యాంకులోంచి వాలుగా పెట్టిన పలక మీదికి ఎక్కడం నేర్పి, నీళ్ళు లేనిచోట స్క్విడ్ ముక్కలు పెట్టారు. అవి పైకి పాకి, ముక్కను పట్టుకుని, అక్కడే గాల్లోనే మింగి, తర్వాత తీరిగ్గా నీళ్ళలోకి దిగాయి. 2021లో ఆ పరిశోధన వెలువడింది.

సముద్రంలో దీని వల్ల లాభమేమిటంటే, ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు రాళ్ళ మీద పీతలు తిరుగుతుంటాయి. మిగతా చేపలకు అందని భోజనం అది.

ఇది ఎక్కడ బతుకుతుంది? మన ఆంధ్రా సముద్రంలో దొరుకుతుందా?

ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి పసిఫిక్ మధ్యలోని సొసైటీ దీవుల దాకా, ఉత్తరాన జపాన్ కింది ర్యుక్యు దీవులు, హవాయి, ఇంకా అవతల మెక్సికో, కోస్టారికా, కొలంబియా వైపు కూడా ఉంది. మన దేశంలో చూడాలంటే లక్షద్వీప్, అండమాన్. పగడపు దిబ్బలున్న చోటు కావాలి దీనికి. లోతు ఎక్కువ అక్కర్లేదు, మోకాలి లోతు గుంటల్లో కూడా ఉంటుంది, ఎక్కువగా 10 మీటర్ల లోపే. పగడం విరిగిపడ్డ ముక్కలు, రాళ్ళ సందులు, ఆటు తర్వాత మిగిలే నీటి గుంటలు దీని ఇళ్ళు.

మన తీరంలో మోరేలే లేవని కాదు. బంగాళాఖాతంలో చాలా జాతులున్నాయి, విశాఖ పేరు మీదే ఒక మోరే ఉంది, జిమ్నోథొరాక్స్ విశాఖాయెన్సిస్, 2017లో కొత్త జాతిగా వర్ణించారు. మచ్చలూ గీతలూ లేని సాదా ఒళ్ళు దానిది. మన కర్నూలు నుంచి సముద్రం తిన్నగా గీత గీసినా దాదాపు 230 కిలోమీటర్లు, కాబట్టి ఇక్కడ మనకు సముద్రపు జీవుల పేర్లు తెలియకపోవడంలో వింతేం లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, మనం ఇళ్ళల్లో పరుచుకునే బేతంచెర్ల నాపరాయి, బెలుం గుహల రాయి, కడప బండ, అన్నీ కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. అప్పటికి ఈల్స్ కాదు గదా, చేపలే పుట్టలేదు.

పగలంతా పైపులోంచి బయటికే రాదు, జబ్బు చేసిందా?

చేయలేదు. దాని తీరే అంత. పగలు తల మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది, చీకటి పడ్డాక తిరుగుతుంది. మోరేల్లో స్నోఫ్లేక్ కొంచెం నయం, మేత వాసన వస్తే పట్టపగలైనా బయటికి వస్తుంది.

దగ్గరగా చూడాలంటే మేత వేళకు రండి. పట్టకారుతో రొయ్య ముక్క పట్టుకుని నీళ్ళలోకి దించితే మొదట ఏమీ జరగదు. కాసేపటికి పైపులోని తల కొంచెం పైకి లేస్తుంది, ఆ పసుపు ముక్కు గొట్టాలు ఇటూ అటూ తిరుగుతాయి. తర్వాత ఒక జానెడు బయటికి వస్తుంది, తల ఊపుతూ నీళ్ళను వెతుకుతుంది. రొయ్య దాని కంటికి రెండంగుళాల దూరంలో వేలాడుతూ ఉంటుంది, అయినా పక్కనుంచే దాటిపోతుంది, అడుగున ఇసుకను పొడుస్తుంది, అద్దాన్ని పొడుస్తుంది, వెనక్కి తిరుగుతుంది. చూస్తున్న పిల్లలు "అదిగో, అదిగో, ఆడుంది" అని అరుస్తారు. చివరికి మూతికి ముక్క తగలగానే ఒక్క పట్టు, దాంతోపాటు పట్టకారు కొసను కూడా. మా పట్టకారుకు ప్లాస్టిక్ తొడుగు అందుకే వేశాను, ఇనుము కొరికి దాని పళ్ళు పోకూడదని.

సుంకేసుల దగ్గర వలలో పడే పాము చేప ఇదేనా?

కాదు. మన తుంగభద్రలో, కేసీ కెనాల్లో, చెరువుల్లో ఎక్కువగా పడేది బొమ్మిడాయి. దాని మూతి మొనదేలి ఉంటుంది, వీపు మీద చిన్న చిన్న ముళ్ళు వరుసగా ఉంటాయి, చేత్తో పడితే గుచ్చుకుంటాయి. ఇంగ్లీషులో దాన్ని కూడా ఈల్ అనే పిలుస్తారు గానీ నిజమైన ఈల్స్‌తో దానికి సంబంధం లేదు. పులుసుకు మాత్రం దానికి సాటిలేదు, అది వేరే సంగతి.

మన నదుల్లో నిజమైన ఈల్ ఒకటుంది, మలుగుపాము. అది గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది, పిల్లలు మళ్ళీ నదుల్లోకి ఎదురెక్కి వస్తాయి. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ, నాగార్జునసాగర్, శ్రీశైలం దాటుకుని ఇటు రావాలంటే వాటికి ఎంత కష్టమో మీరే ఆలోచించండి. చేపలు పట్టే పెద్దవాళ్ళను కదిలిస్తే మలుగుపాము కతలు బోలెడు చెప్తారు, ఈ కాలం పిల్లలు దాన్ని చూసే ఉండరు.

గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా?

గుడ్లే. నీళ్ళలోకి వదిలేస్తుంది, కాపలా కాయదు. పిల్ల బయటికి వచ్చినప్పుడు ఈల్ రూపమే ఉండదు, పల్చటి ఆకు ఆకారంలో, ఇవతలినుంచి చూస్తే అవతలిది కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది, నెలల తరబడి నడి సముద్రంలో కొట్టుకుపోతూ పెరిగి, తర్వాత ఈల్‌గా మారి దిబ్బ చేరుతుంది. ఇంతటి పెంపకం ట్యాంకులో ఎవరివల్ల అవుతుంది? షాపుల్లో అమ్మే స్నోఫ్లేక్‌లన్నీ సముద్రంలో పట్టినవే. కొనేముందు ఇది ఒకసారి గుర్తు చేసుకోండి.

మోరేలు వేరే చేపతో జట్టు కట్టి వేటాడతాయంట?

స్నోఫ్లేక్ కాదు, జెయింట్ మోరే. ఎర్ర సముద్రంలో ఒక రకం గ్రూపర్ చేప తను తరిమిన చేప సందులో దూరితే, జెయింట్ మోరే ఉన్న చోటికి పోయి దాని ముందు తల గబగబా ఊపుతుంది, మోరే బయటికి వచ్చి వెంట పోతుంది. మోరే సందులో దూరితే ఎర బయటికి ఉరుకుతుంది, గ్రూపర్‌కు దొరుకుతుంది. బయట ఉంటే గ్రూపర్ భయం, లోపలికి పోతే మోరే నోరు. దొరికినది ఎవరికి దొరికితే వాళ్ళే మింగుతారు, పంపకాలు లేవు. రెడువాన్ బషారీ, ఆయనతోటివాళ్ళు 2006లో దీన్ని ప్రచురించారు. జాతులు వేరైన రెండు చేపలు ఒకదాన్నొకటి పిలుచుకుని వేటకు పోవడం అంటే, నాకైతే గొంతు దవడ కంటే ఇదే పెద్ద వింత.

దీన్ని తినొచ్చా?

మోరేలను తినే ఊళ్ళు ప్రపంచంలో ఉన్నాయి. కానీ పగడపు దిబ్బల దగ్గర బతికే పెద్ద మోరేల్లో సిగ్వాటెరా అనే విషం పేరుకునే ప్రమాదం ఉంది. అది నాచులాంటి సూక్ష్మజీవిలో పుట్టి, చిన్న చేపల్లోంచి పెద్దవాటికి చేరుతూ పోతుంది. వండినా పోదు, ఫ్రీజర్లో పెట్టినా పోదు. వాంతులు, విరేచనాలు, చేతులు కాళ్ళు తిమ్మిర్లు, చల్లటిది తాకితే కాలినట్టు ఉండటం దాని లక్షణాలు. మీకు బొమ్మిడాయి ఉండగా ఇదెందుకు సామీ.

మా ఇంట్లో పెంచుకోవచ్చా? డబ్బు గురించి టెన్షన్ లేదు.

డబ్బు ఒక్కటే అయితే బాగుండేది. ఈల్ మొండిది, పెట్టింది తింటుంది, జబ్బులు తక్కువ, సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది. మీరు పెంచాల్సింది ఈల్‌ను కాదు, నీళ్ళను. మన సీమలో కష్టమంతా అక్కడే.

మొదటిది, బోరు నీళ్ళు. కర్నూలులో, అనంతపురంలో బోరు నీళ్ళు ఎంత గట్టివో గీజర్ విప్పి చూస్తే తెలుస్తుంది, అనంతపురం వైపు ఫ్లోరైడ్ బాధ కూడా ఉంది. ఆ నీళ్ళలో ఉప్పు కలిపితే అది సముద్రపు నీరు కాదు. ఆర్వో నీళ్ళు పట్టి, అందులో ఆక్వేరియం కోసం తయారు చేసే సముద్రపు ఉప్పు కలపాలి, లీటరుకు సుమారు 35 గ్రాములు, నీటి సాంద్రత కొలిచే పరికరంలో 1.023 నుంచి 1.025 మధ్య చూపించాలి.

రెండోది, ఎండ. దీనికి 24 నుంచి 27 డిగ్రీల నీళ్ళు కావాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బయట 42 డిగ్రీలు మామూలే, గదిలో నీళ్ళు కూడా తొందరగా 33, 34కు పోతాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపకేమో వేడికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ట్యాంకు మీద ఫ్యాను పెడితే కొంత తగ్గుతుంది, కానీ నీళ్ళు ఆవిరై ఉప్పు అక్కడే మిగిలి నీరు చిక్కబడుతుంది, కాబట్టి తగ్గిన మేరకు ఉత్త ఆర్వో నీళ్ళు పోస్తుండాలి. నీళ్ళను చల్లబరిచే మిషను, చిల్లర్ అంటారు, అది కొంటేనే మేలు. అదేమో కరెంటు తాగుతుంది.

మూడోది, ఆ కరెంటే. రాత్రిపూట పోయి తెల్లారేదాకా రాలేదనుకోండి, ఫిల్టర్ ఆగి, అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చి, పొద్దున్నకు నీళ్ళు పాడవుతాయి. కనీసం బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి, వీలైతే ఇన్వర్టర్ మీద ఫిల్టర్ లైను ఉండాలి.

ఇవి మూడూ సరిచేసుకుంటే మిగతావి తేలిక. 250 లీటర్లకు తగ్గని ట్యాంకు. ఈల్ తేవడానికి నెలా నెలన్నర ముందే నీళ్ళు నింపి, ఫిల్టర్ నడిపి, అమోనియా సున్నాకు రావాలి. దాక్కోవడానికి దాని ఒంటికి తగిన లావు పీవీసీ పైపులు. రాళ్ళు పెడితే ఇసుక మీద కాదు, ముందు అడుగు అద్దం మీద కుదురుగా పేర్చి తర్వాత ఇసుక పోయాలి. ఇది ఇసుక తవ్వుతుంది, రాయి కూలితే దాని మీదే పడుతుంది. పాలిష్ పట్టని నాపరాయి వాడొచ్చు, సున్నపురాయి ఉప్పునీటికి అడ్డం కాదు.

అన్నిటికంటే ముఖ్యం మూత. వైరు పోయే సందు ఉంటే చాలు, రాత్రి బయటికి వస్తుంది. పొద్దున్నే ట్యాంకు ఖాళీగా ఉంటే ముందు సోఫా వెనక చూడండి. మూతకు బరువు పెట్టండి, సందులన్నీ జాలీతో మూయండి.

కల్లుప్పు వేస్తే సరిపోదా?

సరిపోదు. వంట ఉప్పులో ఉండేది దాదాపు ఒక్క సోడియం క్లోరైడే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, ఇంకా చాలా ఉంటాయి.

పక్కన వేరే చేపలు వేయొచ్చా?

దాని నోట్లో పట్టనివి వేయొచ్చు. టాంగ్‌లు, ట్రిగ్గర్‌లు, పెద్ద ఏంజెల్‌లు సర్దుకుంటాయి. రొయ్యలు, పీతలు వేస్తే అది స్నేహం కాదు, విందు. రాగి కలిపిన మందులు వేయాల్సి వస్తే ఈల్‌ను ముందు వేరే ట్యాంకుకు మార్చండి, పొలుసులు లేని ఒంటికి ఆ మందు పడదు.

ఇంకొకటి. అందం కోసం బతికున్న పగడాలు, పగడపు రాళ్ళు తెప్పిస్తానంటారు కొందరు. మన సముద్రంలోంచి తీసిన పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఎవరో ఇస్తామన్నారని తీసుకుంటే కేసు మీ మీదికి వస్తుంది.

మంచినీళ్ళ మోరే అని ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, అది తెచ్చుకుంటే ఈ ఉప్పు గొడవ ఉండదు కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళలో సగం మంది అప్పటికే కొనేసి ఉంటారు. ఆ పేరుతో ఎక్కువగా వచ్చేది జిమ్నోథొరాక్స్ టైల్ అనే ఇంకో జాతి. గోధుమ బూడిద రంగు ఒళ్ళు, దాని మీద సన్నటి పసుపు చుక్కలు. 'ఫ్రెష్‌వాటర్ స్నోఫ్లేక్' అని కూడా అంటారు, స్నోఫ్లేక్ కాదు. అది గంగ లాంటి నదులు సముద్రంలో కలిసేచోట, ఉప్పూ మంచీ కలిసిన నీళ్ళలో బతికే చేప. ఉత్త మంచినీళ్ళలో కొన్నాళ్ళు ఉంటుంది, తర్వాత మేత మానేస్తుంది, చర్మం పాడవుతుంది, పోతుంది. కొనేసి ఉంటే కొంచెం కొంచెంగా, వారాల మీద, అదే సముద్రపు ఉప్పు కలుపుతూ నీటిని మార్చండి. ఒక్కరోజులో మార్చొద్దు.

తెచ్చి వారమైంది, ముట్టడం లేదు. ఏం చేయాలి?

కొత్త చోటికి వచ్చిన మోరే వారం, రెండు వారాలు తినకపోవడం మామూలే. లైటు తగ్గించండి, చీకటి పడ్డాక పైపు ముందు చిన్న పీత ముక్క పెట్టి పక్కకు పోండి, అద్దం తట్టి పిలవొద్దు. తినని ముక్కను గంటలో తీసేయండి, లేకపోతే కుళ్ళి అమోనియా పెరుగుతుంది. మూడు వారాలు దాటినా ముట్టకపోతే నీటి పరీక్ష ఫలితాలు రాసుకుని రండి. చేప ఫోటో పంపితే నేను చెప్పగలిగేది తక్కువ, అమోనియా, నైట్రైట్, ఉప్పు, వేడి ఎంతున్నాయో చెప్తే ఎక్కువ.

ఇంట్లో పాములాంటిది ఉంటే వాస్తుకు మంచిదేనా?

అది నాకు తెలిసిన విద్య కాదు. మూత సరిగ్గా లేకపోతే మాత్రం దానికి మంచిది కాదు.

పెంచలేను, విసుగొచ్చింది. కేసీ కెనాల్లో వదలమంటావా?

వద్దు. మంచినీళ్ళలో అది చచ్చిపోతుంది. షాపుకు తెచ్చివ్వండి, ఏమీ అడగను.

దాన్ని సముద్రంలోనే చూడాలని ఉంది. యాడికి పోవాలి?

లక్షద్వీప్ గానీ అండమాన్ గానీ. లక్షద్వీప్‌కు ముందుగా పర్మిట్ కావాలి. అండమాన్ మనకు సులభం, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) విమానాలున్నాయి, అక్కడినుంచి స్వరాజ్ ద్వీప్‌కు, షహీద్ ద్వీప్‌కు ఫెర్రీలు. స్కూబా రాకపోయినా ఫర్వాలేదు, ఈ జాతి లోతులేని నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి స్నార్కెల్ పెట్టుకుని కూడా చూడొచ్చు. ఆటు సమయం ముందే కనుక్కోండి, దిబ్బ తెలిసిన గైడ్ లేకుండా పోవద్దు. పగడాల మీద కాలు పెట్టొద్దు, అవి బతికున్నవి, మీ కాలు కూడా కోసుకుపోతుంది. సందుల్లో చెయ్యి పెట్టొద్దు, ఫోటో కోసమని మేత అసలే వేయొద్దు. రాళ్ళ కింద నల్ల మచ్చల తెల్లటి తల కనిపిస్తే ఒక మీటరు దూరంలో కదలకుండా తేలుతూ ఉండండి, కాసేపటికి అదే ఇంకొంచెం బయటికి వస్తుంది.